అంగిలి క్యాన్సర్ ఆపరేషన్ తరువాత రేడియేషన్: ఇంటి దగ్గరి కోబాల్టా, నగరంలోని లీనియర్ యాక్సిలరేటరా?

భీమిలి తీరం:

సభ్యులందరికీ నమస్కారం. మాది భీమిలి దాటిన తరువాత వచ్చే ఒక మత్స్యకార గ్రామం. మా అమ్మకు 63 ఏళ్లు. మన ఉత్తరాంధ్ర తీరంలో చాలామంది ఆడవాళ్లకు ఉన్నట్టే అమ్మకూ చిన్న వయసు నుంచి అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. అంగిలి మీద తెల్లమచ్చ పుండుగా మారిన సంగతిని మేము ఆలస్యంగా గుర్తించాము. ఆపరేషన్ జరిగి నేటికి 18 రోజులైంది. అంగిలిలో తీసేసిన భాగానికి పళ్లసెట్టు లాంటి మూత అమర్చారు, దానితోనే ఇప్పుడు జావ తాగగలుగుతోంది.

మెడ గ్రంథుల్లో రెండింటికి వ్యాధి పాకిందనీ, ఒకదానిలో పొర దాటి బయటికి వచ్చిందనీ బయాప్సీ రిపోర్టులో ఉంది. కాబట్టి రేడియేషన్‌తో పాటు కీమో కూడా అవసరమని సర్జన్ గారు చెప్పారు. మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో కోబాల్ట్ యంత్రం (రేడియోధార్మిక కోబాల్ట్ నుంచి కిరణాలు పంపే పాత రకం యంత్రం) ఉంది. వచ్చే సోమవారమే మొదలుపెడతామని వారు అంటున్నారు. విశాఖ నగరంలోని మరో ఆసుపత్రిలో లీనియర్ యాక్సిలరేటర్ (విద్యుత్తుతో ఎక్స్‌రే కిరణాలు పుట్టించే యంత్రం) మీద ఐఎంఆర్‌టీ (కిరణాన్ని కణుతి ఆకారానికి తగ్గట్టు మలచి ఇచ్చే) పద్ధతిలో ఇస్తారట, అయితే అక్కడికి రోజూ రానుపోను సగం రోజు పడుతుంది. మా మేనమామ మాత్రం అప్పు చేసైనా చెన్నైలో ప్రోటాన్ చికిత్స (ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) చేయించమని పట్టుబడుతున్నాడు. మా ఊళ్లో రేడియేషన్ ఇవ్వడాన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట వింటేనే అమ్మ వణికిపోతోంది. పెద్దలు దారి చూపగలరు.

ఫిజిక్స్ మాస్టారు:

భీమిలి తీరం గారూ, నేను వైద్య భౌతిక శాస్త్రవేత్తగా పనిచేస్తున్నాను. నేను చెప్పేది మీ డాక్టరు గారి నిర్ణయానికి బదులు కాదు, ఆయనను ఏమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

ముందుగా అమ్మగారి భయం సంగతి. ఇందులో ఒంటికి కరెంటు తగలదు. ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు ఏమీ తెలియనట్టే సిట్టింగు (రేడియేషన్ ఇచ్చే ఒక్కో విడత) జరిగేటప్పుడూ ఏమీ తెలియదు, నొప్పి ఉండదు. గది బయటికి వచ్చాక ఆమె ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉండదు కాబట్టి మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

కోబాల్ట్ పాతది కనుక పనికిరాదు అనే మాట సరికాదు. 1951లో కెనడాలో మొదలైన ఈ చికిత్స లక్షలాది మందికి మేలు చేసింది. మన దేశంలోనే భాభా అణు పరిశోధన కేంద్రం వారు భాభాట్రాన్ పేరుతో కోబాల్ట్ యంత్రాన్ని రూపొందించారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు, అంటే దాని తీవ్రత నెలకు సుమారు ఒక శాతం తగ్గుతుంది. సోర్సు, అంటే యంత్రంలోని ఆ కోబాల్ట్, పాతబడిందంటే డోసు తగ్గిస్తారని కాదు, అదే డోసు ఇవ్వడానికి రోగిని మరికొంతసేపు పడుకోబెడతారు.

అయితే మీ అమ్మగారి విషయంలో తేడా ఉన్న చోటు ఒకటుంది, అది లాలాజలం. చెవి కింద రెండు వైపులా ఉండే పెరోటిడ్ గ్రంథులు రేడియేషన్ దారిలోనే ఉంటాయి. కోబాల్ట్ మీద సాధారణంగా వాడే, కిరణం రెండు వైపుల నుంచి సూటిగా వెళ్లే పాత పద్ధతిలో ఆ గ్రంథులు పూర్తి డోసు తింటాయి, నోరు జీవితాంతం ఎండిపోవచ్చు. ఐఎంఆర్‌టీలో కిరణపు తీవ్రతను ముక్కలు ముక్కలుగా మార్చుకుంటూ గ్రంథిని వీలైనంత తప్పిస్తారు. బ్రిటన్‌లో గొంతు క్యాన్సర్ రోగుల మీద జరిపి 2011లో ప్రచురించిన పార్‌స్పోర్ట్ అధ్యయనంలో, ఏడాది తరువాత నోరు బాగా ఎండిపోయిన వారు పాత పద్ధతిలో 74 శాతం ఉంటే ఐఎంఆర్‌టీలో 38 శాతమే ఉన్నారు. బతికిన కాలంలో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఐఎంఆర్‌టీ వల్ల వచ్చే లాభం ప్రధానంగా తరువాతి జీవితంలో అన్నం మింగడానికి, మాట్లాడడానికి, పళ్లు నిలవడానికి సంబంధించినది. అది చిన్న లాభం కాదు.

ప్రోటాన్ కేంద్రాలు మన దేశంలో చెన్నైలో 2019 నుంచి, నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో 2023 నుంచి పనిచేస్తున్నాయి. పిల్లల కణుతులకు, పుర్రె అడుగు భాగంలోని కణుతులకు వాటి అవసరం ఎక్కువ. మీ అమ్మగారి కోసం అప్పు చేసి అక్కడికి వెళ్లాల్సిన పని నాకైతే కనిపించడం లేదు.

ఇక తేదీలు చూడండి. ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపు రేడియేషన్ మొదలుకావాలి. మీకు ఇంకా 24 రోజులు ఉన్నాయి. నగరంలోని ఆసుపత్రివారు ఆ లోపల మొదటి సిట్టింగు తేదీని కాగితం మీద రాసిస్తే అక్కడికే వెళ్లండి. రెండు నెలలు ఆగాలంటే మాత్రం, ఐఎంఆర్‌టీ కోసం ఎదురుచూడడం కంటే వచ్చే సోమవారం కోబాల్టే మేలు.

పాడేరు టీచరు:

ఫిజిక్స్ మాస్టారు గారు చెప్పినదానికి మా ఇంటి అనుభవాన్ని జోడిస్తాను. మా పెద్దమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. ఒక ఆసుపత్రిలో బయటి నుంచి 25 సిట్టింగులు ఇచ్చారు, వారానికొకసారి కీమో కూడా ఇచ్చారు, అందరూ మంచిగానే చూసుకున్నారు. చివరి సిట్టింగు రోజున, 'ఇప్పుడు లోపలి నుంచి బ్రాకీథెరపీ ఇవ్వాలి, మా దగ్గర ఆ సౌకర్యం లేదు, వేరే చోట చూసుకోండి' అన్నారు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే మేము ఆ ఐదు వారాల్లోనే మరోచోట పేరు రాయించుకునేవాళ్లం. రిపోర్టుల సంచీ పట్టుకుని తిరగడంలో దాదాపు మూడు వారాలు పోయాయి.

ఈ వ్యాధిలో బయటి రేడియేషన్, బ్రాకీథెరపీ రెండూ కలిపి ఎనిమిది వారాల లోపు ముగియాలని రెండో ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు చెప్పినప్పుడు నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. బ్రాకీథెరపీలో ఇరీడియం-192 అనే చిన్న రేడియోధార్మిక సోర్సును సన్నని గొట్టాల గుండా కణుతి దగ్గరికే పంపి కొన్ని నిమిషాల్లో వెనక్కి తీసేస్తారు. దాని వల్ల పేగుకు, మూత్రాశయానికి తక్కువ తగిలి కణుతికి ఎక్కువ డోసు అందుతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ దానికి సాటి రాదని అక్కడే తెలుసుకున్నాను. పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది, కాని ఆ మూడు వారాలను నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

అందువల్ల భీమిలి తీరం గారూ, ఏ ఆసుపత్రి అయినా సరే, మొత్తం వైద్యంలో ఏయే భాగాలు ఉన్నాయో, అందులో ఏవి తమ దగ్గర జరుగుతాయో, ఏవి జరగవో మొదటి రోజునే రాయించుకోండి. మీ ట్రస్టు ఆసుపత్రిలో కీమో ఉందో లేదో మీరు టపాలో రాయలేదు, ఆ సంగతి తప్పక అడగండి.

భీమిలి తీరం:

పాడేరు టీచరు గారూ, మీ టపా చదివిన వెంటనే ఫోన్ చేసి అడిగాను. ట్రస్టు ఆసుపత్రిలో కీమో లేదు. వారానికొకసారి అమ్మను నగరానికి తీసుకువెళ్లి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి, తిరిగి తీసుకురావాలి. ఆ రోజు సిట్టింగు పోతుందా అని అడిగితే, 'చూద్దాం, సర్దుదాం' అన్నారు.

గాజువాక కార్మికుడు:

నగరంలో అని ఊరుకోకుండా అన్ని చోట్లా అడగండి. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మహారాణిపేటలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, ఇంకా ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. మీది భీమిలి వైపు కనుక అగనంపూడి నగరానికి ఆ చివరన పడుతుంది, రోజూ తిరగడం కుదరదు; దగ్గర్లో గది అద్దెకు తీసుకోవాలి. ఎక్కడికి వెళ్లినా బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరచినవి) వెంట ఉండాలి. కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు, స్లైడ్లను మళ్లీ చూస్తామంటారు.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకం కింద రేడియేషన్ వస్తుంది. అయితే కోబాల్ట్‌కు, ఐఎంఆర్‌టీకి ప్యాకేజీలు వేరు. మీ డాక్టరు గారు ఏది రాశారో ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసేవారు) అదే పంపారా లేదా అని అప్రూవల్ రాకముందే చూసుకోండి. రైల్లో వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి టికెట్టులో రాయితీ ఉంటుంది; ఆసుపత్రి ఇచ్చే ఫారం ఉంటే చాలు.

రిటైర్డ్ టెక్నాలజిస్టు:

ముప్పై ఏళ్లకు పైగా రోగులను బల్ల మీద పడుకోబెట్టి కిరణం పెట్టినవాడిని. యంత్రాల గురించి మాస్టారు గారు చెప్పారు, నేను సిట్టింగుల గురించి చెబుతాను.

అమ్మగారికి 30 నుంచి 33 సిట్టింగులు పడవచ్చు. వారానికి ఐదు రోజులు, రోజుకు 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత). అంటే ఆరు వారాల పైమాట. ఈ ఆరు వారాల్లో ఒక్క రోజు కూడా పోకూడదని నేను చేతులు జోడించి అడిగేవాణ్ణి. తల, మెడ భాగపు క్యాన్సర్లలో మధ్యలో విరామం వస్తే మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలు ఆ సమయంలో వేగంగా పెరుగుతాయి. ఆలస్యమైన ఒక్కో రోజుకు వ్యాధి అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరమంతా చీకటైంది, రోడ్ల నిండా చెట్లు పడ్డాయి. యంత్రం తిరిగి నడిచిన తరువాత, నేను పనిచేసిన చోట మా డాక్టరు గారు నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార రోగుల ఫైళ్లను వేరే దొంతరగా పెట్టించి, వాళ్లకు కనీసం ఆరు గంటల తేడాతో రోజుకు రెండు సిట్టింగులు ఇప్పించి పోయిన రోజులను భర్తీ చేయించారు. కాబట్టి పండుగకో, యంత్రం మరమ్మతుకో ఒక రోజు పోతే 'చివర్లో కలుపుతారులే' అని ఊరుకోకండి, ఈ వారంలోనే భర్తీ చేయగలరా అని అడగండి.

సిట్టింగులు పోవడానికి యంత్రం కంటే ఎక్కువగా కారణమయ్యేది తిండి. మూడో వారం వచ్చేసరికి నోరు పూస్తుంది, రుచి పోతుంది, ముద్ద దిగదు. రోగి రెండు కిలోలు, మూడు కిలోలు తగ్గుతుంది. తల కదలకుండా ముఖానికి కొలతకు చేసిన మాస్కు వదులైపోతుంది. వదులైన మాస్కులో ముఖం కదిలితే ఐఎంఆర్‌టీ లాంటి సూక్ష్మమైన పద్ధతిలో కిరణం పడాల్సిన చోట పడదు, అప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ ప్లానింగ్. అందుకని మొదటి రోజు నుంచే మంచి చోడి అంబలి, పెసరకట్టు, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పెట్టండి. కారం, పులుపు, పచ్చళ్లు పూర్తిగా మానిపించండి. ముక్కు గొట్టం వేద్దామని డాక్టరు అంటే వద్దనకండి. అది చివరి దశకు గుర్తు కాదు, ఆరు వారాలు దాటించే తెడ్డు.

ప్లానింగ్ (స్కాన్ తీసి కిరణం ఎక్కడ పడాలో లెక్కకట్టడం) కంటే ముందు పళ్ల డాక్టరుకు చూపించండి. పుచ్చిన పన్ను ఉంటే ఇప్పుడే తీయించాలి, పుండు మానడానికి కనీసం పది రోజుల నుంచి రెండు వారాలు కావాలి. రేడియేషన్ పడిన దవడలో తరువాత పన్ను పీకితే ఎముక కుళ్లిపోయే ప్రమాదం ఉంది. అంగిలి మూతను స్కాన్ రోజున పెట్టుకుని ఉంటే ప్రతి సిట్టింగుకూ పెట్టుకోవాలి, తీసి ఉంటే ప్రతిసారీ తీయాలి. అడ్డపొగ ఒక్క దమ్ము కూడా ఉండకూడదు.

కంచరపాలెం:

మా నాన్నగారికి వెన్నెముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి ఒకే ఒక్క సిట్టింగులో 8 గ్రే ఇచ్చారు. పది సిట్టింగులు ఇస్తే ఎంత నొప్పి తగ్గుతుందో దీనికీ అంతే తగ్గుతుందని, కొందరికి మాత్రం మళ్లీ ఇవ్వాల్సి రావచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. మంచం దిగలేని మనిషిని పది రోజులు ఆటోలో తిప్పే బాధ తప్పింది. అందరికీ ఆరు వారాలు పడుతుందని ఎవరూ భయపడకూడదని ఇది రాస్తున్నాను.

ఎంవీపీ గృహిణి:

నిజమే. నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత 15 సిట్టింగుల్లో 40 గ్రే ఇచ్చి మూడు వారాల్లో పూర్తిచేశారు. పూర్వం ఇదే వైద్యానికి ఐదు వారాలు పట్టేదట. నాది ఎడమ వైపు కనుక గుండెకు తగలకుండా గాలి నిండా పీల్చి బిగపట్టడం ముందుగా సాధన చేయించారు. మూడు వారాలు సరిపోతాయా, ఐదు కావాలా అన్నది ఎవరి వ్యాధిని బట్టి వారికి ఉంటుంది. కాని అడిగే హక్కు అందరికీ ఉంది. పసుపు, కొబ్బరినూనె రాయవద్దన్నారు, కిరణం పడాల్సిన చోట ఒంటి మీద గీసిన గుర్తులు చెరిగిపోకుండా చూసుకోమన్నారు. మెడ మీద మీ అమ్మగారికి కూడా అదే వర్తిస్తుంది, నూలు రవిక మెడ వదులుగా కుట్టించండి.

భీమిలి తీరం:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆరు రోజులు తిరిగి తేల్చుకున్నాము. నగరంలో రేడియేషన్, కీమో, పళ్ల డాక్టరు, పోషకాహార సలహా ఒకే ప్రాంగణంలో ఉన్న ఆసుపత్రిలో ఐఎంఆర్‌టీకి తేదీ దొరికింది. ఆపరేషన్ నాటి నుంచి లెక్కిస్తే 38వ రోజు. ట్రస్టు ఆసుపత్రి డాక్టరు గారికి ఈ విషయం చెబితే ఏమాత్రం నొచ్చుకోలేదు. 'ఆ తేదీ జారిపోతే మర్నాడే నా దగ్గరికి రండి' అని తన నంబరు ఇచ్చారు. దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాము. మా మేనమామ చెన్నైకి దాచిన డబ్బులోంచి ఆ అద్దె కట్టాడు.

మాస్కు చేసిన రోజు సంగతి చెప్పాలి. జల్లెడలా చిల్లులున్న తెల్లటి రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, నీరు ఒత్తేసి, అమ్మ ముఖం మీద పరిచి వేళ్లతో ముక్కు, గడ్డం చుట్టూ ఒత్తారు. కొన్ని నిమిషాల్లో గట్టిపడింది. అంతకుముందే లోహం ఉండకూడదని ముక్కుపుడక తీయమన్నారు. పెళ్లయిన నాటి నుంచి తీయనిది, సబ్బు నురుగు రాసి తిప్పుతుంటే పావుగంట పట్టింది. లోపల అమ్మను పడుకోబెట్టినప్పుడు, భయమేస్తే చెయ్యి ఎత్తితే చాలు ఆపేస్తామని టెక్నాలజిస్టు అమ్మాయి చెప్పిందట. మొదటి సిట్టింగు అయ్యాక బయటికి వచ్చి, 'కరెంటు ఎప్పుడు పెడతారు?' అని అమ్మ నన్ను అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను.

ఈరోజు 12వ సిట్టింగు పూర్తయింది, ఒక్క రోజు కూడా పోలేదు. బరువు ఒక కిలో తగ్గింది. లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి రెండు గంటలకొకసారి పుక్కిలించమన్నారు. నిన్నటి నుంచి మంట పుడుతోందని అమ్మ పుక్కిలించడం మానేసింది. ఏమి చేయాలి?

రిటైర్డ్ టెక్నాలజిస్టు:

మానకూడదు. ఉప్పు సగానికి తగ్గించి, సోడా అలాగే ఉంచి, కాచి చల్లార్చిన నీళ్లతో ఇవ్వండి. అన్నానికి అరగంట ముందు పుక్కిలించడానికి నొప్పి తెలియనివ్వని మందు ఉంటుంది, అది రాయమని అడగండి. నాలుక మీద, బుగ్గల లోపల గీకితే ఊడే తెల్లటి పాచి ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు కావాలి, వారపు పరీక్ష దాకా ఆగకుండా రేపటి సిట్టింగుకు ముందే డాక్టరు గారికి చూపించండి. అంగిలి మూతను రాత్రి తీసి కడిగి పెడుతున్నారు కదా?

భీమిలి తీరం:

కడగడం లేదండీ, నీళ్లలో వేసి ఉంచుతున్నాము అంతే. ఇప్పుడే టార్చి వేసి చూశాను, ఎడమ బుగ్గ లోపల తెల్లగా ఉంది. రేపు పొద్దున ఎనిమిది గంటలకే వెళ్లి చూపిస్తాము.